సోడెమ్మ ఇచ్చిన వాయనం

ఒకప్పుడు ఉప్పు లేదు. నీళ్లూ లేవు. ఇప్పుడు సముద్రం ఉన్న చోట పేద్ద గుంట ఒకటి నోరు తెరుచుకుని ఉండేది, అంతే. పప్పులో ఉప్పు తక్కువైందని అలిగేవాళ్లు కూడా లేరు. ఎందుకంటే పప్పే లేదు.

మరి ఎవరున్నారంటే, మూలకాలున్నాయి. కొన్ని నేలలో దాక్కునేవి, కొన్ని గాలిలో తిరిగేవి. ఎవరి ఇల్లు వాళ్లది, ఎవరి తలుపు వాళ్లది. పక్కింటివాళ్లతో పలకరింపులు కూడా ఉండేవి కావు. ఒకరంటే ఒకరికి అంత అనుమానం.

ఆ అనుమానమంతా మిణుగురుల గురించి.

ప్రతి మూలకం ఇంటి చుట్టూ వాకిళ్లుండేవి, ఉల్లిపాయ పొరల్లాగా ఒకదాని చుట్టూ ఒకటి. ఆ వాకిళ్లలో మిణుగురులు గిరగిరా తిరుగుతుండేవి. పై తరగతుల పుస్తకాల్లో వాటిని ఎలక్ట్రాన్లు అంటారు. పరీక్షలో మీరూ అలాగే రాయండి, మార్కులు పోగొట్టుకోకండి. ఇక్కడ మాత్రం మిణుగురులనే అందాం.

అన్నిటికంటే లోపలి వాకిట్లో రెండే మిణుగురులు పడతాయి. ఆ తర్వాతి వాకిళ్లు నిండాలంటే ఎనిమిది కావాలి. బయటి వాకిలి నిండుగా ఉన్నవాళ్లకి హాయిగా నిద్ర పడుతుంది. నిండనివాళ్లకి జాగారమే.

చాలామంది వాకిళ్లు నిండలేదు. చాలామందికి నిద్ర లేదు. నిద్ర లేని కంటికి పక్కింటివాడు దొంగలాగే కనబడతాడు మరి.

నిండు వాకిలి ఉన్నవాడు ఆ చుట్టుపక్కల ఆర్గానయ్య ఒక్కడే. అరుగు మీద కాలు మీద కాలేసుకుని పడుకునేవాడు. ఎవరికీ ఏమీ ఇవ్వడు, ఎవరినీ ఏమీ అడగడు. దారిన పోయేవాళ్లని ఆటపట్టించడమే ఆయన ఉద్యోగం.

ఆయన అరుగుకి ఎదురుగా, గుంట ఒడ్డున సోడెమ్మ ఇల్లు. సోడియం ఆవిడ అసలు పేరు. వెండిలా మెరిసే మనిషి. ఒళ్లు వెన్నలా మెత్తన, చాకు పెడితే దిగిపోయేంత. కోపం మాత్రం నిప్పు.

సోడెమ్మకి లోపలి రెండు వాకిళ్లూ నిండుగానే ఉన్నాయి. బయటి వాకిట్లోనే వచ్చింది చిక్కంతా. అంత వాకిట్లో ఒక్కటంటే ఒక్కటే మిణుగురు. అది ఒక చోట నిలవదు. ఈ గోడకి కొట్టుకుంటుంది, ఆ గోడకి కొట్టుకుంటుంది, జుయ్యిమంటూ చెవిలో దూరినంత పని చేస్తుంది. సోడెమ్మకి అదంటే మహా విసుగు. కానీ ఎవరైనా దానివైపు చూస్తే మాత్రం చెంగు చాటున దాచేసేది.

సోడెమ్మ పక్కిల్లు క్లోరమ్మది. క్లోరమ్మది ఆకుపచ్చ పసుపు కలిసిన చీర, ఘాటైన వాసన. ఆవిడ పక్కన కాసేపు నిలబడితే కళ్లు మండుతాయి. ఆవిడ బయటి వాకిట్లో మిణుగురులు ఏడు. ఎనిమిదోది ఉండాల్సిన చోటు ఖాళీ. ఆ ఖాళీ చోటుని రోజూ పొద్దున్నే ఊడ్చి, ముగ్గు పెట్టి, ఎవరైనా వస్తారేమోనని చూస్తూ కూర్చునేది.

కిటికీలోంచి సోడెమ్మ ఆ ముగ్గు చూసేది. "ఎవరికోసమో ఆ ముగ్గు, నాకు తెలీదనుకుంటోంది. నా మిణుగురు కోసమే వల పన్నుతోంది" అని కిటికీ రెక్క వేసేసేది.

క్లోరమ్మ ఆ రెక్క చప్పుడు వినేది. "చూశావా, నా ఏడింటి మీదా కన్నేసింది. నేను చూడగానే తలుపేసుకుంది" అనుకునేది.

ఇలా ఉండగా ఒక రోజు గుంటకి అవతలి ఒడ్డున ఒక వింత జరిగింది.

చిన్ని, పొన్ని అని ఇద్దరు హైడ్రోజన్ పిల్లలుండేవారు. మూలకాలన్నిటిలోకీ బుడంకాయలు వాళ్లే. ఒక్కొక్కరికి ఒక్కటే వాకిలి, రెండు మిణుగురులు పట్టే చోట ఒక్కటే మిణుగురు. వాళ్లకి ఆక్సన్న ఎదురయ్యాడు. ఆక్సిజన్ అన్నమాట. ఆయన బయటి వాకిట్లో రెండు తక్కువ.

"మీ మిణుగురులు ఇలా ఇవ్వండి చెల్లాయిలూ, పదిలంగా దాచిపెడతాను" అన్నాడు ఆక్సన్న.

"దాచిపెడతావో, దాచేసుకుంటావో" అంది చిన్ని.

"నీవే మాకు చెరొకటి ఇవ్వు అన్నా. మేమూ పదిలంగానే దాస్తాం" అంది పొన్ని.

"మీరా? ఊదితే ఎగిరిపోయే బాపతు. మిమ్మల్ని ఏ మబ్బుల్లో వెతుక్కోను?"

ముగ్గురూ మూడు దిక్కులకి తిరిగి నిలబడ్డారు. వెళ్లిపోరు, ఇవ్వరు. చివరికి చిన్నే ఇటు తిరిగింది.

"పోనీ అన్నా, నీది నువ్వు వదలకు, నాది నేను వదలను. రెండూ మనిద్దరి మధ్యా పెడదాం. నువ్వూ పట్టుకో, నేనూ పట్టుకుంటాను. అటు పొన్నితో కూడా అంతే."

"అప్పుడు అవి ఎవరివైనట్టు?"

"నావైపు నుంచి చూస్తే రెండూ నావి. నీవైపు నుంచి చూస్తే రెండూ నీవి."

ఆక్సన్న బుర్ర గోక్కున్నాడు. "ఇందులో మోసం ఎక్కడుందో తెలీడం లేదే" అన్నాడు.

"మాకూ తెలీడం లేదు. అందుకే గట్టిగా పట్టుకుంటున్నాం" అంది పొన్ని.

ఇద్దరు ఆడపిల్లలు చేతులు అడ్డంగా వేసి పట్టుకుని, వెనక్కి వాలి గిర్రున తిరుగుతారు చూడండి. ఏ ఒక్కరు వదిలినా ఇద్దరూ పడతారు. అందుకే ఇద్దరూ వదలరు. వాళ్లు పట్టుకున్నదీ అలాగే. పట్టుకోగానే ఢామ్మని ఒక చప్పుడైంది. ముగ్గురున్న చోట ఒక నీటి చుక్క మిలమిలలాడుతూ నిలబడింది.

ఆక్సన్న వాకిలి నిండింది. పిల్లల వాకిళ్లూ నిండాయి. ముగ్గురికీ ఒక్కసారే ఆవలింత వచ్చింది. కానీ నిద్రలో కూడా చేతులు వదల్లేదు. ఎదుటివాళ్లు ముందు వదులుతారేమోనని ఎవరి భయం వాళ్లది. ఇలా పంచుకుని పట్టుకోవడానికి పెద్దవాళ్లు సమయోజనీయ బంధమని నోరు తిరగని పేరొకటి పెట్టారు. పిల్లలు పెట్టి ఉంటే 'వదలనుగాక వదలను' అని పెట్టేవాళ్లు.

ఆక్సన్న కొంచెం గడుసువాడు. మధ్యలో ఉన్న మిణుగురులని రవ్వంత తన వైపుకి జరుపుకునేవాడు.

"అన్నా, లాగుతున్నావు" అనేది చిన్ని.

"లేదమ్మా, ఒళ్లు విరుచుకున్నానంతే" అనేవాడు.

ఈ సంగతి మిగతా ఆక్సన్నలకీ, మిగతా చిన్నీ పొన్నీలకీ తెలిసింది. మూలకాల్లో ఒక్కో పేరుతో బోలెడంతమంది ఉంటారు లెండి. అందరూ ముగ్గురేసి చేతులు పట్టుకున్నారు. చుక్కలు చుక్కలుగా పైకి లేచి మబ్బు కట్టారు. ఆ మబ్బు మెల్లగా గుంట దాటి సోడెమ్మ ఇంటివైపు బయల్దేరింది.

మబ్బులోంచి ఒక చుక్క జారి సోడెమ్మ చెంగు మీద పడింది.

చుయ్యిమంది. చెంగు పసుపుపచ్చటి మంటతో భగ్గుమంది. వాకిట్లో మిణుగురు ఎగిరి గంతులేసింది. సోడెమ్మ చెంగు నేలకేసి బాది, మంట ఆర్పుకుని, రొప్పుతూ ఆర్గానయ్య అరుగు ముందు నిలబడింది.

"ఏమిటి సోడెమ్మా, పట్టపగలే దీపం పెట్టావు?" అన్నాడు ఆర్గానయ్య, పడుకున్నవాడు పడుకున్నట్టే.

"వేళాకోళాలు తర్వాత. ఆ పైనున్నదేమిటి? అది తగిలితే నాకు మంటెందుకు పుట్టింది?"

"అది నీరు. నీ వాకిట్లో ఉంది చూడు, ఒంటి మిణుగురు, దానికి తడి తగిలితే ఆగదు. ఎగిరి దూకుతుంది. అది దూకితే నువ్వు అంటుకుంటావు. ఒక్క చుక్కకి చెంగు పోయింది. మబ్బంతా కురిసిందంటే బూడిద కూడా మిగలదు."

సోడెమ్మ మొహం పాలిపోయింది. "మరేం చెయ్యను?"

"ఆ మిణుగురు ఎవరికైనా ఇచ్చెయ్యి."

సోడెమ్మ కళ్లు చికిలించింది. "నీకేమిటి లాభం?"

"నాకేం లాభం తల్లీ, నా వాకిలి ఎప్పుడో నిండింది."

"లాభం లేనివాడు సలహా ఊరికే ఇస్తాడా? క్లోరమ్మ నీకేం ఆశ పెట్టింది?"

ఆర్గానయ్య కిసుక్కున నవ్వి అటు తిరిగి పడుకున్నాడు. సోడెమ్మ మిణుగురుని చంకన పెట్టుకుని, ఇంటి వెనక నేలలోంచి నూనె ఊరే గుంట ఒకటుంటే అందులో దిగి అడుగున కూర్చుంది. నూనెలో తడి చేరదు కదా. తన తెలివికి తనే మురిసిపోయింది.

ఆర్గానయ్య అరుగు మీంచే అరిచాడు. "వాన పడితే ఆ గుంటలోకీ నీళ్లొస్తాయి సోడెమ్మా. నీళ్లొస్తే నూనె పైకి తేలుతుంది. నీళ్లు నూనె కిందికి దూరతాయి. నువ్వు కూర్చుంది అడుగునే కాదూ?"

బుడగలు రెండొచ్చాయి. వాటి వెనకే సోడెమ్మ తలకాయ వచ్చింది.

అప్పటికి మబ్బు నల్లబడింది. తడిగాలి మొదలైంది. ఇక దారి లేదు. సోడెమ్మ నూనె ఓడుతున్న చీరతోనే వెళ్లి క్లోరమ్మ గడప ఇవతల నిలబడింది. గడప తొక్కలేదు.

"వదినా" అంది. పుట్టాక ఆవిడ అలా పిలవడం అదే మొదటిసారి.

క్లోరమ్మ ముగ్గుబుట్ట కింద పెట్టింది. "వదిననా? ఇన్నాళ్లూ కిటికీ రెక్కే కదా నాతో మాట్లాడింది. ఇవాళేమిటో వరస కలుస్తోంది."

"నా దగ్గర ఒక మిణుగురుంది. నీకిద్దామని."

"ఊరికేనా?"

"ఊరికే."

"అయితే దానికేదో తెగులుంది" అంది క్లోరమ్మ. "బాగున్నదాన్ని ఎవరూ ఊరికే ఇవ్వరు. అది రాత్రిళ్లు ఏడుస్తుందా? మిగతావాటిని కరుస్తుందా?"

"కరవదు. దానికి తోడు లేక అలా కొట్టుకుంటోందంతే. అయినా ఇవాళ ఒకటి పుచ్చుకుని, రేపు నా లోపలి వాకిట్లో ఎనిమిదీ ఇమ్మంటే? ఆ మాట ముందు చెప్పు."

"నా వాకిట్లో ఖాళీ ఒక్కదానికే. తొమ్మిదోదాన్ని తెచ్చి ఎక్కడ పెట్టుకోను, నెత్తి మీదా?"

"మరి ఎల్లుండి నేనొచ్చి నాది నాకిమ్మంటే ఇస్తావా?"

"అదిగో, బయటపడింది. ఇచ్చినట్టే ఇచ్చి లాక్కుపోదామని. నా ముగ్గు చూసి కుళ్లుకోవడానికి ఇదో ఎత్తా?"

"దాన్ని చూసి కుళ్లు కూడానా, గళ్లే సరిగ్గా కలవలేదు" అని నోరు జారింది సోడెమ్మ.

క్లోరమ్మ తలుపు వెయ్యబోయింది. పైన ఉరిమింది. ఇద్దరూ ఆకాశం వైపు చూశారు.

"వాయనం ఇచ్చుకోండి" అని అరుగు మీంచి ఆర్గానయ్య ఆవలించాడు. "వాయనమైతే ఇచ్చినవాళ్లు వెనక్కి అడగకూడదు. పుచ్చుకున్నవాళ్లు వంక పెట్టకూడదు. మూడుసార్లు అనుకున్నాక ఇక తిరుగు లేదు."

ఇద్దరూ ఆయన వైపు అనుమానంగా చూశారు. ఒక మాట మీద ఇద్దరూ కలవడం అదే మొదలు. తర్వాత ఒకరినొకరు చూసుకున్నారు. సోడెమ్మ మిణుగురుని దోసిట్లోకి తీసుకుని పైన కాలిన చెంగు కప్పింది. క్లోరమ్మ తన కొంగు పట్టింది. గడపకి అటు ఒకరు, ఇటు ఒకరు.

"ఇస్తినమ్మ వాయనం" అంది సోడెమ్మ.

"పుచ్చుకుంటినమ్మ వాయనం" అంది క్లోరమ్మ, కొంగు బిగించి పట్టుకుని.

"ఇస్తినమ్మ వాయనం."

"పుచ్చుకుంటినమ్మ వాయనం."

మూడోసారి వచ్చేసరికి సోడెమ్మ దోసిలి తెరవలేదు. 'ఈ ఒక్క మాటతో అయిపోతుంది. ఇక నాది కాదు' అనుకుంది. ఎన్నేళ్లుగా విసుక్కుంది దాన్ని. ఇప్పుడు అరచేతిలో అది గోరువెచ్చగా, బుద్ధిగా కూర్చుంది. ఇవ్వాల్సి వచ్చినప్పుడే పాడుది ఇంత ముద్దొస్తుంది.

నాలుగడుగుల అవతల ఒక చుక్క పడింది. ఇంకోటి మూడడుగుల అవతల.

"ముమ్మాటికీ ఇస్తినమ్మ వాయనం" అంది సోడెమ్మ, కళ్లు మూసుకుని.

క్లోరమ్మ కొంగు కొంచెం వెనక్కి తీసింది. 'మూడోసారి అన్నానా, తెగులున్నా చచ్చినట్టు నేనే పెంచాలి' అనుకుంటోంది. సోడెమ్మ మొహంలోకి చూసింది, మోసం కనబడుతుందేమోనని. మోసం కనబడలేదు. దోసిలి కింద చేతులు కనబడ్డాయి. గజగజా వణుకుతున్నాయి. నోరైతే ఏమైనా చెబుతుంది, చేతులకి అబద్ధం చెప్పడం రాదు.

"ముమ్మాటికీ పుచ్చుకుంటినమ్మ వాయనం" అంది క్లోరమ్మ గబగబా.

మిణుగురు ఎగిరి వెళ్లి ముగ్గు మధ్యలో కూర్చుంది. ఒక్కసారి రెక్కలు సర్దుకుంది. అంతే, చప్పుడు లేదు.

సరిగ్గా అప్పుడే చుక్కొకటి సోడెమ్మ భుజం మీద పడింది. ఆవిడ బిగుసుకుపోయింది. చుయ్యిమనలేదు. మంట లేదు. చుక్క భుజం మీంచి జారి చల్లగా మోచేతి దాకా పాకింది.

"బతికానా?" అంది సోడెమ్మ, ఒక కన్ను తెరిచి.

"బతక్కపోతే ఇన్ని ప్రశ్నలు ఎలా వేస్తావు?" అంది క్లోరమ్మ.

సోడెమ్మకి బయటి వాకిలి ఇక అక్కర్లేదు. దాని లోపలి వాకిలే ఇప్పుడు బయటిదైంది. అందులో ఎనిమిదీ నిండుగా ఉన్నాయి. క్లోరమ్మకీ ఎనిమిది. ఇద్దరికీ నిద్ర ముంచుకొచ్చింది. సోడెమ్మ ఇంటికి పోదామని తిరిగింది. కాలు కదల్లేదు. ఒకటి ఇచ్చేసినావిడకి, ఒకటి ఎక్కువ తీసుకున్నావిడకి మధ్య ఏదో లాగుడు పుట్టింది. ఎంత తోసుకున్నా ఇంకా దగ్గరికే జరుగుతున్నారు.

"ఏం, పోవా?" అంది క్లోరమ్మ.

"పోతాలే. అది ఎలా ఉంటుందో ఒక్క క్షణం చూసి" అంది సోడెమ్మ. "నువ్వెందుకు నా చెయ్యి పట్టుకున్నావు?"

"నువ్వు దాన్ని ఎత్తుకుపోతావేమోనని."

అలా ఒకరి మీద ఒకరు కన్నేసి గడప మీదే కూర్చున్నారు. ఇచ్చి, పుచ్చుకుని, ఆపైన వదలకుండా కూర్చోవడాన్ని పెద్దవాళ్లు అయానిక బంధం అన్నారు. సోడెమ్మ మాత్రం కాపలా అనేది.

తలుపు సందుల్లోంచి చూస్తున్న మిగతా సోడెమ్మలూ క్లోరమ్మలూ బయటికొచ్చారు. ఒడ్డంతా ఇస్తినమ్మలూ పుచ్చుకుంటినమ్మలే. వాయనాలయ్యాక వచ్చి వీళ్ల పక్కనే చేరారు. అయితే ఇద్దరు సోడెమ్మలు పక్కపక్కన పడితే పడదు, ఎడమొహం పెడమొహం. ఇద్దరు క్లోరమ్మలైనా అంతే. అందుకని సోడెమ్మ పక్కన క్లోరమ్మ, క్లోరమ్మ పక్కన సోడెమ్మ, ముందూ వెనకా, పైనా కిందా అదే వరస. చూస్తుండగానే నాలుగు పలకల తెల్లటి గడ్డ ఒకటి తయారైంది. క్లోరమ్మ ముగ్గు గళ్లకంటే ఆ గళ్లే బాగా కలిశాయి. అదే మొదటి ఉప్పురాయి.

అప్పుడు వాన కురిసింది. కుండపోత.

నీటి చుక్కలు ఉప్పురాయి చుట్టూ మూగాయి. ఆక్సన్నకి లాక్కునే అలవాటుంది కదా, మిణుగురులు చేరిన ఆ వైపు, ఒకటి ఇచ్చేసిన సోడెమ్మలకి నచ్చింది. మిణుగురులు తగ్గిన చిన్నీ పొన్నీల వైపు, ఒకటి ఎక్కువ తీసుకున్న క్లోరమ్మలకి నచ్చింది.

"ఇటు రా సోడెమ్మక్కా" అని ఆక్సన్నలు చుట్టూ చేరారు.

"నువ్వు మాతో రా పిన్నీ" అని పిల్లలు క్లోరమ్మని చుట్టేశారు.

"ఆగండి, నా మిణుగురు" అంటూనే ఉంది సోడెమ్మ. చెయ్యి జారింది. నీళ్లు ఒకరి నుంచి ఒకరిని విడదీసి, గుంటలోకి మోసుకుపోయాయి. వానలు కురిసీ కురిసీ గుంట నిండింది. అది సముద్రమైంది, ఉప్పగా.

సముద్రంలో సోడెమ్మ ఒక మూల, క్లోరమ్మ ఒక మూల. చుట్టూ నీళ్లే కాపలా. సోడెమ్మకి భయం లేదు, మంట లేదు. అయినా ఉండుండి, "నా మిణుగురు ఎలా ఉందో, ఏమో. ఆవిడ ముగ్గు పెట్టడం మానేసిందేమో" అనుకునేది. "ఇవాళ కాకపోతే రేపు వచ్చి అడుగుతుంది, నాకు తెలుసు" అని అక్కడ క్లోరమ్మ అనుకునేది.

ఒక వేసవిలో అల ఒకటి వాళ్లిద్దరినీ ఒడ్డున చిన్న మడుగులో వదిలిపెట్టి వెళ్లిపోయింది. ఎండ మండింది. మడుగులో నీళ్లు ఆవిరై పైకి లేచాయి. ఆవిరైనా, అంత ఎత్తున గాలికి ఊగినా చిన్నీ పొన్నీలూ ఆక్సన్నా చేతులు మాత్రం వదల్లేదు.

"అన్నా, మళ్లీ లాగుతున్నావు" అన్న మాట మబ్బుల్లోంచి వినబడింది.

కింద మడుగు ఎండింది. సోడెమ్మ, క్లోరమ్మ ఎదురెదురుగా మిగిలారు. క్లోరమ్మ తన వాకిలంతా ఒకసారి ఊడ్చింది. ఆఖరికి తన ఎనిమిదిలోంచి ఒకదాన్ని ముందుకు జరిపింది.

"దీనికోసమేగా వచ్చావు. తీసుకో" అంది.

సోడెమ్మ మిణుగురుని చూసింది. అది నిశ్చింతగా వెలుగుతోంది. ఏ గోడకీ కొట్టుకోవడం లేదు.

"వాయనం వెనక్కి తీసుకుంటారా ఎవరైనా? నీ దగ్గరే ఉండనీ" అంది. "ఊరికే చూసిపోదామని వచ్చాను."

చూసిపోదామని వచ్చిన మనిషి పోలేదు. పక్కనే కూర్చుంది. క్లోరమ్మ జరిగి చోటిచ్చింది. చోటిస్తూ చెయ్యి కూడా పట్టుకుంది, ఎందుకైనా మంచిదని.

అప్పటినుంచే ఉప్పు నీళ్లలో వేస్తే విడిపోతుంది, ఎండలో పెడితే మళ్లీ వెతుక్కుని కలుస్తుంది. అప్పటినుంచే నీళ్లు మరిగి ఆవిరైనా, పేరుకుని మంచుగడ్డైనా నీళ్లుగానే ఉంటాయి, చేతులు వదలవు. ఇంకా వాయనం ఇవ్వని సోడెమ్మలు ఈనాటికీ పెద్ద బళ్ల ప్రయోగశాలల్లో, కిరసనాయిలు సీసాల్లో మునిగి కూర్చునే ఉన్నారు. ఏమీ ఇవ్వని ఆర్గానయ్య గాలిలో ఒంటరిగా తిరుగుతున్నాడు, ఆటపట్టించడానికి ఎవరూ దొరక్క.

ఉప్పు పలుకులు నాలుగు పలకలుగా ఉంటాయంటే నమ్మకపోతే చిటికెడు తీసుకుని భూతద్దంలో చూడండి. మరీ ఎక్కువసేపు చూడకండి. మీరు దేనికోసం వచ్చారోనని వాళ్లకి అనుమానం.